ఒక్క అలిఫ్ తేడా

ఉర్దూలో ‘గదర్’ అంటే తిరుగుబాటు. ‘గద్దార్’ అంటే ద్రోహి. కాగితం మీద రాసి చూస్తే రెండింటికీ మధ్య తేడా ఒక్క అలిఫ్. గైన్, దాల్, రే అని మూడక్షరాలు రాస్తే తిరుగుబాటు. దాల్‌కూ రేకూ నడుమ ఒక నిలువుగీత గీస్తే ద్రోహి. మూలం రెండింటికీ ఒకటే. గద్దె మీద కూర్చున్నవాడికి ద్రోహంగా కనబడేది కింద నలిగేవాడికి తిరుగుబాటు కావడం లోకంలో కొత్తేం కాదు గదా!

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 1913 నాటి గదర్ పార్టీని తలుచుకుని పెట్టుకున్న పేరు తెలుగు నోళ్ళలో పడి ‘గద్దర్’ అయింది. తెలుగువాడికి ఆ పేరులో అర్థం వెతకాల్సిన పని లేదు. అది ఒక మనిషి పేరు, ఒక గొంతు పేరు. ఉర్దూ చెవికి మాత్రం అది తిట్టుకు దగ్గరగా వినిపిస్తుంది. మా అబ్బా కాజీపేట రైల్వేలో ఖలాసీ. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఒకరోజు గోడ మీద ఎర్రరంగుతో రాసిన ఆ పేరు చదివి, “ఏ కౌన్ హై రే, అప్నేకు ఆపీచ్ గద్దార్ బోల్ లేరా?” అని పకపకా నవ్వాడు. తనను తానే ద్రోహి అని చెప్పుకునే వీడెవడ్రా అని.

నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఆ మాటతో నాకు పరిచయం ఉంది. ఇండియా పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ ఉన్న మర్నాడు బడిలో అందరూ మా మొహాల్లోకి చూసేవాళ్ళు. పాకిస్తాన్ గెలిస్తే మా ఇంట్లో పండగని వాళ్ళే తేల్చేసేవాళ్ళు. ఇండియా గెలిచి మేం గంతులేస్తే అది నటన. అడక్కుండానే మాకు తగిలించిన ఆ పేరును ఒక మనిషి కోరి పెట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గొంగడి కప్పుకుని ఊరూరా తిరుగుతున్నాడు. జనం ఆ పేరుకు దండం పెడుతున్నారు. నాకది వింతగానూ ఉండేది, లోపలెక్కడో ఈర్ష్యగానూ ఉండేది.

పాటకూ రాజకీయానికీ సంబంధం ఏమిటని అడిగితే చదువుకున్నవాళ్ళు ప్రచారం అంటారు, చైతన్యం అంటారు. అది సగం మాటే. పాట చేసే అసలు రాజకీయం వేరే ఉంది. ‘మనం’ అనే మాటలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు లేరో పాట తేలుస్తుంది. రాజ్యాంగం ఆ పని కాగితం మీద చేస్తుంది. పాట నాలుక మీద చేస్తుంది. చదువురాని ఊళ్ళో రెండోదానికే బలం ఎక్కువ. తెలంగాణ పాటలో మేమెక్కడున్నాం? ఎక్కడ లేము? ఉన్నచోట ఎట్లా ఉన్నాం? ముప్పై ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

మాది మడికొండ. హన్మకొండ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని కాజీపేట దాటితే వచ్చే ఊరు. ఒకపక్క మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుడు. ఇటు కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గా. శివరాత్రికి గుట్ట మీద జాతర మైకు, ఉర్సుకు దర్గాలో ఖవ్వాలీ. రెండూ మా చెవుల్లోనే పడేవి. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు కూడా ఇదే. నిజాం పాలనను ఎదిరించి జైలుకు పోయిన మనిషి ఆయన. ఆయన అన్న రామేశ్వరరావేమో ‘షాద్’ అనే పేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పినవాడు. అంటే ఆ ఇంట్లో కొట్లాట సర్కారుతో, భాషతో కాదు. భాషను వేరుగా, ప్రభుత్వాన్ని వేరుగా చూడగలగడం మా ఊరికి ఒకప్పుడు తెలిసిన విద్య. తర్వాత వచ్చినవాళ్ళు ఆ రెండింటినీ ఒకటే మూటలో కట్టి మా నెత్తిన పెట్టారు.

నాకు తెలిసిన మొదటి రాజకీయ పాట ఏ పార్టీదీ కాదు. పీర్ల పండుగది. మా చుట్టుపక్కల ఊళ్ళలో పీర్లను ఎత్తేది సాయిబులొక్కరే కాదు. గౌండ్లాయన ఎత్తేవాడు, గొల్లాయన ఎత్తేవాడు, మాదిగాయన ఎత్తేవాడు. అలావ చుట్టూ రాత్రంతా అసోయ్‌దూల ఆడేవాళ్ళు. హసన్ హుసేన్‌ల కథను తెలుగులో పాడేవాళ్ళు. కర్బలా ఏ దేశంలో ఉందో పాడేవాడికి తెలియదు. కానీ నదిని అడ్డగించి పసిపిల్లల్ని నీళ్ళకు ఎండగట్టినవాడు ఎట్లాంటివాడో తెలుసు. తన ఊరి దొర అట్లాంటివాడే గనక. మతం పేరు చెప్పకుండానే దౌర్జన్యం ఎవరిదో, నెత్తురు ఎవరిదో ఆ పాట విడమరిచి చెప్పింది.

ఇప్పుడు ఆ ఆట చాలా ఊళ్ళలో తగ్గింది. ఇది ఇస్లాం కాదు అని మావాళ్ళలో కొందరు, ఇది మన పండుగ కాదు అని అవతలివాళ్ళలో కొందరు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఈ ఇద్దరూ చెరో పార పట్టుకుని అలావను పూడ్చారు. పూడ్చినది గుంట మాత్రమే కాదు. దూదేకులాయన ఇంట్లో, చాకలాయన ఇంట్లో ఒకే రాగం ఉండే అవకాశాన్ని కూడా.

తర్వాత వచ్చింది ఎర్రపాట. జన నాట్య మండలి 1972లో పుట్టింది. 1990 మేలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభ జరిగినప్పుడు నాకు పదేళ్ళు. చాచా వేలు పట్టుకుని పోయాను. లక్షలమంది. అంతమందిని నేను ఒక్కచోట అంతకు ముందెప్పుడూ చూడలేదు. పాట మొదలైతే ఆ జనమంతా ఒక్క మనిషిలా ఊగడం గుర్తుంది. చాచాకు తెలుగు పాటల్లో సగం మాటలే అర్థమయ్యేవి. కానీ నినాదాలు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. ఎందుకంటే అవి మా ఇంటి మాటలు. ఇంక్విలాబ్, జిందాబాద్, లాల్ సలాం, జులూస్! ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అనే నినాదాన్ని 1921లో ఇచ్చినవాడు మౌలానా హస్రత్ మోహానీ. ఐదుపూటలా నమాజు చేసిన మౌలానా, హజ్‌కు పోయొచ్చిన మౌలానా. ఆ మాట పలికినవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో గానీ, చాచా మాత్రం ఇంటికొచ్చి మూడురోజులు అదే చెప్పాడు. “సబ్ అప్నీచ్ బాతాఁ బోలే రే” అని. అన్నీ మన మాటలే అన్నార్రా అని.

చాచా మాట అబద్ధం కాదు. తెలంగాణ పోరాట పాట మాటల్లోనే కాదు, నెత్తుట్లో కూడా మావాళ్ళున్నారు. 1940లో కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపిన షేక్ బందగీ ఒక పేద రైతు. భూమి కోసం కోర్టు మెట్లెక్కి కొట్లాడినవాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకంలోకి ఆ త్యాగం వచ్చింది. అదే పేరుతో గౌతమ్ ఘోష్ 1979లో తీసిన సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. చూడండి, తెలంగాణ రైతు పోరాటం మీద తెలుగులో వచ్చిన గొప్ప సినిమా ఉర్దూ పుస్తకంలోంచి పుట్టింది. అందోల్‌లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ కార్మిక సంఘాలు కట్టాడు, సాయుధ పోరాటంలో నడిచాడు. అదే మఖ్దూం ప్రేమ కవిత 1964లో ‘చాచాచా’ సినిమాలో పాటై దేశమంతా రేడియోల్లో మోగింది. కాజీపేట స్టేషన్ బయట చాయ్ హోటల్లో ఆ పాట వింటూ కూర్చున్నవాళ్ళకు దాన్ని రాసింది ఒక కమ్యూనిస్టు అని తెలియక్కర్లేదు. తెలుగు వచ్చినవాళ్ళకు మఖ్దూం ఉర్దూవాడు. ఉర్దూ వచ్చినవాళ్ళకు ఆయన పోరాటం తెలుగువాళ్ళది. ఆయనను పూర్తిగా ‘మనవాడు’ అన్నది ఎవరు?

అదే మా భూమి సినిమాలో గద్దర్ కంబళి భుజాన వేసుకుని పాడిన పాట ‘బండెనక బండి కట్టి’. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. దాని దెబ్బ దొర మీద, నైజాం సర్కారు మీద. న్యాయమే. ఆ సర్కారు ఎవరి సర్కారో మా దాదాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? 1937లో అమెరికా టైమ్ పత్రిక నిజాం నవాబును ప్రపంచంలోనే ధనవంతుడని అట్టమీద బొమ్మ వేసింది. ఆ రోజుల్లో మా దాదా దొర గడీలో గుర్రాలకు గడ్డి వేసేవాడు. కూలికి కాదు, వెట్టికి. నెత్తిమీది టోపీ ఒక్కటి తప్పితే నవాబుకూ ఆయనకూ పోలిక లేదు. ఆ పాట మా దాదా పాట కూడా. అయినా బడిలో ఎవరైనా దాన్ని పాడితే, నైజాం పేరు రాగానే ముందు బెంచీల్లోంచి నాలుగు తలలు వెనక్కి తిరిగేవి. నా వైపు.

తప్పు పాటదా? కాదు. ఆ తలలు తిప్పింది పాట తర్వాత వచ్చిన రాజకీయం. నిజాం అంటే రజాకారు, రజాకారు అంటే తురకోడు అని లెక్క తేల్చిన రాజకీయం. ఆ లెక్కలో షోయబుల్లా ఖాన్‌కు చోటు లేదు. వరంగల్ జిల్లాలో పుట్టి, ‘ఇమ్రోజ్’ పత్రిక నడిపి, రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో రజాకార్ల చేతిలో చచ్చిపోయిన ఉర్దూ జర్నలిస్టు. నా వృత్తికి పెద్దన్న. ఏటా సెప్టెంబరు 17 వచ్చిందంటే రజాకార్ల గురించి గొంతులు చించుకునే వేదికల మీద ఆయన పేరు ఎంత అరుదుగా వినబడుతుందో పాతికేళ్ళుగా రిపోర్టు చేస్తున్న నాకు తెలుసు.

ఇంకో మౌనం ఉంది. రజాకార్ల అఘాయిత్యాలు నిజం. వాటి మీద పాటలున్నాయి, ఉండాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగినదాని మీద? నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఎంత తగ్గించి లెక్కపెట్టినా 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని రాసింది. ఎక్కువ నెత్తురు పారింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి జనం కంటపడలేదు. నివేదికైనా చివరికి బయటికొచ్చింది. పాట మాత్రం రాలేదు. మా దాదీ తమ్ముడు నాందేడ్‌లో బట్టల మిల్లు పనికి పోయినవాడు, ఆ సెప్టెంబరు తర్వాత తిరిగి రాలేదు. దాదీ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడే లోరీలో మాత్రం తమ్ముడి పేరు, రైలు, మిల్లు కలిపి తనే కట్టుకున్న నాలుగు మాటలుండేవి. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా ఆ మాటలు విని నిద్రపోయింది. తెలంగాణ చరిత్ర మీద వచ్చిన వేల పాటల్లో మా ఇంటికి దక్కిన వాటా ఆ లోరీ ఒక్కటే. దాన్ని ఏ దళమూ పాడలేదు, ఏ క్యాసెట్టులోనూ ఎక్కలేదు.

ఎర్రపాట మమ్మల్ని పేదవాళ్ళుగా గుర్తుపట్టింది. దానికి మేం రుణపడి ఉన్నాం. రిక్షా తొక్కే సాయిబును, బండ కొట్టే సాయిబును అది కూలివాడిగా దగ్గరికి తీసుకుంది. కానీ అద్దె ఇల్లు అడగబోతే పేరు విని తలుపేసుకున్నప్పుడు ఆ సాయిబు కూలివాడు కాదు, సాయిబే. 1992 డిసెంబరు 6 రాత్రి లైట్లార్పుకుని కూర్చున్నది వర్గం కాదు, మేము. ఆ రాత్రికి ఎర్రపాటలో మాట లేదు. ఆ మాటను వెతుక్కోవడానికే 1990లలో మావాళ్ళు తెలుగులో కవిత్వం రాయడం మొదలుపెట్టారు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. అయితే కవిత్వం పుస్తకంలోకి పోయింది. పాట రోడ్డు మీదే ఉండిపోయింది, వేరేవాళ్ళ చేతుల్లో.

తెలంగాణ ఉద్యమం వచ్చాక రోడ్డంతా పాటే. 2002లో కామారెడ్డిలో మొదలైన ‘ధూం ధాం’ పేరే ఉర్దూ. బెల్లి లలితను 1999లో ముక్కలుగా నరికి చంపినా ఆ గొంతు ఆగలేదు. 2009 చివర్లో కాకతీయ యూనివర్సిటీ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ప్రతి దీక్షా శిబిరంలో డప్పు మోగేది. నేను ఒక ఉర్దూ పత్రికకు రిపోర్టర్ని. ఒక సాయంత్రం ఒక శిబిరంలో, మిల్లు కార్మికుడి కొడుకు, ముస్లిం కుర్రాడు, పాట పాడటానికి వచ్చాడు. 1934లో పెట్టిన ఆజం జాహీ మిల్లు మూతబడి తండ్రి ఎట్లా ఖాళీ అయిపోయాడో తనే తెలుగులో పాట కట్టుకున్నాడు. నిర్వాహకుడు భుజం మీద చెయ్యేసి ప్రేమగానే అన్నాడు: “అరే తమ్మీ, గిది తర్వాత పాడుదువు గని, టోపీ పెట్టుకొని హిందూ ముస్లిం భాయి భాయి మీద ఒక ఖవ్వాలీ కొట్టరాదు!”

కుర్రాడు నా వైపు చూశాడు. “అన్నా, నాకు ఖవ్వాలీ రాదు. మిల్లు పాటే వస్తది” అన్నాడు నిర్వాహకుడితో. అర్ధగంట సేపు పక్కన కూర్చోబెట్టారు. చివరికి ఆ పాటే పాడాడు. జనంలో ఉన్న పాత మిల్లు కార్మికులు లేచి నిలబడ్డారు. వాళ్ళలో పద్మశాలీలున్నారు, మాలలున్నారు, మావాళ్ళున్నారు. ఐక్యత మీద ఒక్క మాట లేని ఆ పాట దగ్గరే నేను ఐక్యత చూశాను.

ఆ నిర్వాహకుడు చెడ్డవాడు కాదు. కానీ ఉద్యమంలో మాకు ఒప్పజెప్పిన శాఖ అదొక్కటే: ఐక్యతా శాఖ. నీళ్ళ పాట, నిధుల పాట, కొలువుల పాట మిగతావాళ్ళది. గంగా జమునా పాట మాది. పాటలో ఎవరికి ఏ పని ఇస్తారో రాష్ట్రంలోనూ అదే ఇస్తారు. 2017 ఏప్రిల్‌లో తెలంగాణ అసెంబ్లీ ముస్లింల రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. అది ఢిల్లీ ఆమోదం పొందలేదు. ఇఫ్తార్ విందులకు మాత్రం ఏ ఏడూ ఆమోదం కావాల్సి రాలేదు.

ఇంతలో రోడ్డు మీది పాట మారింది. డప్పు పోయి డీజే వచ్చింది. ఊరేగింపు మసీదు ముందుకు రాగానే ఆగుతుంది, పాట మారుతుంది, సౌండు పెరుగుతుంది. హుషారైన బాణీ, చిందులేయించే దరువు, మధ్యలో మమ్మల్ని పొమ్మనే మాట. కునాల్ పురోహిత్ అనే జర్నలిస్టు 2023లో ఈ పాటల పరిశ్రమ మీద ఒక పుస్తకమే రాశాడు. చిన్న చిన్న ఊళ్ళ గాయకులు, యూట్యూబ్, ఎన్నికలు ఎట్లా ముడిపడి ఉన్నాయో అందులో చూపించాడు. దానికి జవాబుగా మావాళ్ళు ఏం చేశారు? మిలాద్ జులూస్‌కు అంతకంటే పెద్ద డీజే పెట్టారు! 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు అన్ని మతాల ఊరేగింపుల్లోనూ డీజేలను నిషేధించారు. ప్రవక్త పుట్టినరోజుకు అద్దాలు పగిలే సౌండు పెట్టి మనం నిరూపించేదేమిటి? ఎదుటివాడి దరువుకు మనం చిందేస్తే గెలిచేది ఎదుటివాడే.

మా పాటకు మాత్రం పరీక్ష ఎక్కువ. 1986లో లాహోర్‌లో సైనిక నియంత జియా కాలంలో ఇక్బాల్ బానో పాడిన ఫైజ్ నజ్మ్‌ను 2019 డిసెంబరులో కాన్పూర్ ఐఐటీ విద్యార్థులు చదివితే, అది హిందువులకు వ్యతిరేకమా కాదా తేల్చడానికి కమిటీ వేశారు. అక్కడ ముస్లిం నియంతకు కోపం తెప్పించిన నజ్మ్ ఇక్కడ హిందూ వ్యతిరేకం! ఒక వీడియోలో వినిపించిన ఉర్దూ కవిత మీద గుజరాత్ పోలీసులు ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద కేసు పెడితే, దాన్ని కొట్టెయ్యడానికి 2025 మార్చిలో సుప్రీంకోర్టు దాకా పోవాల్సివచ్చింది. ఉర్దూ కవిత అర్థం ఏమిటో చూడకముందే దాని లిపిలో అందరికీ ఆ అలిఫ్ కనబడిపోతుంది.

1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. మర్నాడు అల్వాల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. ఆ జనం తాకిడిలో కుప్పకూలి ‘సియాసత్’ మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ చనిపోయారు. గద్దర్‌కు పాత దోస్తు. ఉర్దూ పత్రిక నడిపే మనిషి తెలుగు పాటగాడి చివరి ప్రయాణంలో ప్రాణం వదిలారు. ఆ రోజు మా ఆఫీసులో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. హిందూ ముస్లిం ఐక్యత గురించి ఆ ఇద్దరిలో ఎవరూ ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు కూడా.

2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. ఒకప్పుడు సర్కారు వెంటాడిన పేరు సర్కారీ జ్ఞాపిక మీదికి ఎక్కింది. సంతోషమే. మనసుంటే, పాట బలంగా ఉంటే, ఒక మాట మీద పడ్డ మచ్చను జనం కడిగెయ్యగలరని దానివల్ల తెలిసింది. మరి 2020 జనవరిలో ఢిల్లీ ఎన్నికల సభలో ఒక కేంద్ర సహాయమంత్రి ‘గద్దార్’ అని అరిచి, జనంతో కాల్చమనిపించినప్పుడు ఆ వేలు ఎవరి వైపు చూపిందో కూడా అందరికీ తెలుసు. ఒకే దేశంలో ఒకే మాట. ఒకరికి బిరుదు, ఒకరికి తూటా.

ఆ మచ్చను మాకోసం ఎవరో కడుగుతారని నేను ఎదురుచూడటం లేదు. మా పాట మేమే కట్టాలి. తెలుగులో కట్టాలి. మిల్లు మీద, బీడీల మీద, పంక్చర్ షాపు మీద, గల్ఫ్ వీసా మీద, నాందేడ్ రైలు మీద. అందులో ఐక్యత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మేం ఉండాలి. దాదీ లోరీని మా చెల్లెలి దగ్గర విని నిరుడు రాసిపెట్టుకున్నాను. దక్కనీలో ఉంది, తెలుగులోకి తెస్తున్నాను. ఇంకా మూడోమాట కుదరడం లేదు.

బడి మొహం చూడని అందెశ్రీ కట్టిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. 2025 నవంబరులో ఆయన కన్నుమూశాడు. సభల్లో ఆ గీతం మొదలైతే నేను లేచి నిలబడతాను. నేను నిలబడ్డానా లేదా అని పక్కవాడు చూస్తాడని కాదు. ఒక పశువుల కాపరి కట్టిన పాటకు రాష్ట్రం లేచి నిలబడగలిగితే, ఒక ఖలాసీ ఇంటి లోరీకి కూడా ఏదో ఒకరోజు నలుగురు చెవి ఒగ్గుతారని. పక్కవాడు అయినా చూస్తూనే ఉంటాడు. చూడనీ.